తిరగబడింది రాయా, భూమా?

ఫ్రాన్స్ నడిభాగంలో కాంతాల్ అనే పాత అగ్నిపర్వతాల సీమ ఉంది. 1905లో అక్కడి పోంఫారైన్ దగ్గర, రోడ్డు కోసం తొలిచిన గట్టు నుంచి బెర్నార్ బ్రూన్ అనే భౌతిక శాస్త్రవేత్త కొన్ని రాతి ముక్కలు తెచ్చుకున్నాడు. ఆ గట్టులో పైన ఉన్నది లావా గడ్డకట్టిన నల్లరాయి, బసాల్ట్. దాని కింద, ఆ లావా సెగకు కాలి గట్టిపడిన బంకమట్టి. రెండింటిలోనూ కాస్తంత అయస్కాంతత్వం ఉంది. అందులో వింతేమీ లేదు. దాని దిక్కే వింత. ఫ్రాన్స్‌లో అయస్కాంతపు ముల్లును అన్ని వైపులా తిరిగేలా వేలాడదీస్తే దాని ఉత్తరపు కొస ఉత్తరానికి తిరిగి, నేలవైపు బాగా వంగుతుంది. ఈ ముక్కల్లోని అయస్కాంతత్వం దక్షిణానికి తిరిగి ఆకాశంవైపు లేచి ఉంది.

ఇలా కావడానికి రెండే దారులు. లావా చల్లారిన నాడు భూమి అయస్కాంత ధ్రువాలే తారుమారై ఉండాలి. లేదా భూమి అప్పుడూ ఇప్పటిలాగే ఉండి, రాయే ఏదో కారణంగా ఎదురుతిరిగి ఉండాలి. భూమే తిరగబడిందని బ్రూన్ 1906లో రాశాడు. ఆ మాట నిలబడడానికి దాదాపు 60 ఏళ్లు పట్టింది. ఆ కాలమంతా వాదన ఎటు తిరిగినా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగింది: వేడి అయస్కాంతాన్ని ఏం చేస్తుంది?

ఈ ప్రశ్నను బ్రూన్ కంటే 300 ఏళ్ల ముందే చేతబట్టినవాడు విలియం గిల్బర్ట్. ఎలిజబెత్ రాణికి వైద్యుడు. 1600లో అచ్చయిన తన ‘దె మాగ్నెతె’ గ్రంథంలో ఒక కొలిమి బొమ్మ వేయించాడు. కమ్మరి కాలిన ఇనుప కడ్డీని దాగలి మీద పెట్టి కొడుతుంటాడు. బొమ్మలో ఒక పక్క ఉత్తరమని, ఇంకో పక్క దక్షిణమని లాటిన్‌లో రాసి ఉంటుంది. కడ్డీ సరిగ్గా ఆ రెండు దిక్కుల మధ్య ఉంటుంది. గిల్బర్ట్ చెప్పింది ఇది: ఎర్రగా కాలిన ఇనుమును సూదంటురాయి లాగలేదు, చల్లారితే మళ్లీ లాగుతుంది. అంతేకాదు, ఉత్తర దక్షిణాలుగా పెట్టి చల్లార్చిన ఇనుము, ఏ సూదంటురాయీ తాకకుండానే, తానే అయస్కాంతమవుతుంది. అంటే చల్లారే ఇనుముకు దిక్కు నేర్పుతున్నది భూమి. రాళ్ల చిక్కుముడికి తాళంచెవి ఆ కొలిమి బొమ్మలోనే ఉంది. అది ఏ తాళానికి సరిపోతుందో అప్పటికి ఎవరికీ తెలియదు, అంతే.

1853లో ఇటలీలో మెలోని వెసూవియస్ లావా ముక్కలను పరీక్షించి, అవి చల్లారేటప్పుడే భూమి దిక్కును పట్టుకుంటున్నాయని తేల్చాడు. శతాబ్దం చివర్లో ఫోల్గెరైటర్ కాల్చిన మట్టిపాత్రల్లో, ఇటుకల్లో అదే చూశాడు. బాగానే ఉంది. కానీ ఆ గుర్తు ఎంతకాలం చెరగకుండా ఉంటుంది? దీనికి మంచి జవాబు బ్రూన్ సహచరుడు పియర్ దవీద్ దగ్గర దొరికింది. పుయ్ ద దోమ్ కొండ మీద రోమన్ల నాటి మెర్క్యురీ దేవుడి గుడి శిథిలాలున్నాయి. నేల మీద పరిచిన అగ్నిశిల పలకలను అతను పరీక్షించాడు. అయస్కాంతపు వంపు అన్నిటిలో దాదాపు ఒకటే. దిక్కు మాత్రం పలకకొక రకం. రోమన్ శిల్పులు గనిలో అడ్డంగా ఉన్న పొరను కోసి, గుడిలోనూ అడ్డంగానే పరిచారు కాబట్టి వంపు మారలేదు. ఏ పలకను ఎటు తిప్పి పెట్టారో దాన్నిబట్టి దిక్కు మారింది. దాదాపు 2000 ఏళ్లుగా ఆ పలకలు భూమి అయస్కాంత క్షేత్రంలోనే పడి ఉన్నా ఒక్కటీ కొత్త దిక్కుకు సర్దుకోలేదు. చల్లారిన రాయి అంత మొండిది.

కాలితే పూర్తిగా మరిచిపోయే పదార్థం చల్లారాక ఇంత మొండిగా ఎలా పట్టుకుంటుంది? 1895లో పియర్ క్యూరీ తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం కోసం ఎన్నో పదార్థాలను వేడిచేస్తూ వాటి అయస్కాంతత్వాన్ని కొలిచాడు. ఇనుములో అది మొదట నెమ్మదిగా తగ్గుతుంది, తర్వాత జారుడు పెరుగుతుంది, సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా మాయమవుతుంది. ప్రతి అయస్కాంత పదార్థానికీ ఇలాంటి హద్దు ఒకటుంది. ఇప్పుడు దాన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. నికెల్‌కు సుమారు 358, కోబాల్ట్‌కు 1120 ప్రాంతం, రాళ్లలో ఉండే మాగ్నటైట్‌కు 580, హెమటైట్‌కు 675. గడోలినియం అనే లోహానికి ఆ హద్దు 20 డిగ్రీల దగ్గరే ఉంది. మంచుముక్కల్లో పెడితే అయస్కాంతానికి గట్టిగా అతుక్కునే ఆ లోహం, రెంటచింతల ఎండలో పెడితే అతుక్కోదు.

ఆ పతనం అంత నిటారుగా ఎందుకుంటుందో చెప్పినవాడు పియర్ వైస్. ఇనుములోని ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతమే. వేడి వాటిని ఊపి దిక్కు తప్పిస్తుంటే, ఇరుగుపొరుగు పరమాణువులు మళ్లీ వరసలోకి లాగుతుంటాయని 1907లో వైస్ ప్రతిపాదించాడు. కోలాటంలో ఒకరిద్దరు అడుగు తప్పితే పక్కవాళ్లను చూసి సర్దుకుంటారు. తప్పేవాళ్లు ఒక హద్దు దాటితే చూసి సర్దుకోవడానికి సరిగా ఆడేవాళ్లే మిగలరు, ఆట మొత్తం చెదిరిపోతుంది. క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర జరిగేది అదే. అయితే వైస్ లెక్కలో ఒక ఇబ్బంది ఉంది. ఇనుము 770 డిగ్రీల దాకా తట్టుకోవాలంటే పరమాణువుల మధ్య లాగుడు సుమారు 1000 టెస్లాల అయస్కాంత క్షేత్రంతో సమానంగా ఉండాలి. మామూలు అయస్కాంత బలంతో పరమాణువులు ఒకదాన్నొకటి లాగితే అందులో వెయ్యోవంతు కూడా రాదు. ఆ బలమే దిక్కయితే ఇనుము గడ్డకట్టే చలిలో కూడా అయస్కాంతం కాలేదు. ఈ ముడిని 1928లో హైసెన్‌బర్గ్ విప్పాడు. ఆ లాగుడు అసలు అయస్కాంత బలమే కాదు. ఎలక్ట్రాన్ల మధ్య విద్యుత్ వికర్షణకూ క్వాంటం నియమాలకూ కలిపి పుట్టినది. దాని పేరు వినిమయ బలం.

క్యూరీ అంకెలు ఇంకో పాత నమ్మకాన్ని కూడా కొట్టేశాయి. భూమి మొత్తం ఒక పెద్ద సూదంటురాయి అని గిల్బర్ట్ అన్నాడు. భూమిలో కొన్ని పదుల కిలోమీటర్లు దిగేసరికే వేడి మాగ్నటైట్ హద్దు దాటుతుంది. ఇనుముతో నిండిన గర్భంలో వేల డిగ్రీలు. అక్కడ శాశ్వత అయస్కాంతం అనేదే ఉండదు. మరి భూమి క్షేత్రం ఎక్కడిది? కరిగిన ఇనుము కదలికలతో పుట్టే విద్యుత్ ప్రవాహాలదని 1919లో లార్మర్ సూచించాడు, తర్వాత ఎల్సాసర్, బుల్లర్డ్ ఆ ఆలోచనను నిలబెట్టారు. శాశ్వత అయస్కాంతం తలకిందులవడం ఊహకు అందదు. కదిలే ద్రవంలోంచి పుట్టే క్షేత్రం తలకిందులు కావడానికి మాత్రం ఏ నియమమూ అడ్డురాదు. బ్రూన్ మాట అసంభవం కాదని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. కానీ అసంభవం కాదనడం వేరు, జరిగిందనడం వేరు.

1929లో జపాన్‌కు చెందిన మొతొనొరి మతుయామ జపాన్, కొరియా, మంచూరియాల బసాల్ట్ రాళ్లు వందకు పైగా పరీక్షించాడు. సగానికి దగ్గరగా తలకిందులుగా ఉన్నాయి. అవి కూడా ఎలా పడితే అలా లేవు: చిన్న వయసు రాళ్లన్నీ నేటి దిక్కులో, అంతకంటే పాతవి ఎదురు దిక్కులో. వయసుతో ముడిపడిన తిరగబాటును రాయి మీదికి నెట్టడం కష్టం. అయినా అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

చల్లారిన రాయి ఎందుకంత మొండిదో లెక్క కట్టింది లూయి నేల్, 1949లో. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. కరిగిన లావాలో అయస్కాంతపు రేణువులు తేలుతూ ఉత్తరానికి తిరుగుతాయని అనుకుంటారు. అలా జరగదు. లావా సుమారు 1100 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది. రాయి మొత్తం గడ్డకట్టాక కూడా ఇంకా మాగ్నటైట్ హద్దు కంటే వేడిగానే ఉంటుంది, అందులో అయస్కాంతత్వమే ఉండదు. 580 దిగాక, కదలని రేణువుల లోపలే అయస్కాంతత్వం పుడుతుంది. మైక్రాన్‌లో పదోవంతు కూడా లేని ఒక రేణువును ఊహించుకుందాం. దాని అయస్కాంతత్వం ఒక దిక్కు నుంచి ఎదురు దిక్కుకు దూకాలంటే మధ్యలో శక్తి గట్టు ఒకటి దాటాలి. దాటించేది వేడి. గట్టు ఎత్తు వేడి ఇచ్చే శక్తికి 25 రెట్లుంటే, ఆ రేణువు సగటున నిమిషానికి కాస్త ఎక్కువ సమయంలో ఒకసారి దూకుతుంది. భూమి క్షేత్రం ఎంత బలహీనమైనా, అలా దూకే కోట్ల రేణువుల్లో కాస్త ఎక్కువ వాటిని తన దిక్కుకు తిప్పుకోగలదు. రాయి చల్లారేకొద్దీ రేణువు సొంత అయస్కాంతత్వం పెరిగి గట్టు ఎత్తవుతుంది, వేడి శక్తి తగ్గుతుంది. నిష్పత్తి 25 నుంచి 60కి చేరిందనుకోండి. రెండున్నర రెట్లు కూడా కాదు. కానీ మళ్లీ ఒకసారి దూకడానికి పట్టే సగటు కాలం నిమిషం నుంచి 360 కోట్ల ఏళ్లకు పెరుగుతుంది. చల్లారే దారిలో కొద్ది డిగ్రీల తేడాలో రేణువు తలుపు మూసుకుంటుంది. దవీద్ పలకల మొండితనానికి కారణం ఇదే. వాటి ముందు రెండువేల ఏళ్లు ఏపాటి!

వాదన ఇంతటితో ముగియాలి. ముగియలేదు. కారణం కూడా లూయి నేలే.

అమెరికాలో కార్నెగీ సంస్థలో పనిచేసే జాన్ గ్రాహం పాతకాలపు అవక్షేప శిలల్లో, శిలాజాలనుబట్టి ఒకే వయసున్న పొరలో, కొన్నిచోట్ల నేటి దిక్కూ కొన్నిచోట్ల ఎదురు దిక్కూ చూశాడు. ఒకే కాలంలో భూమి రెండు దిక్కుల్లో ఉండలేదు కదా. రాయి దానంతట అదే ఎదురుతిరిగే మార్గం ఏదైనా ఉందా అని నేల్‌ను అడిగాడు. ప్రయోగమేదీ ముందు లేకుండానే నేల్ నాలుగు మార్గాలు ఊహించి 1951లో అచ్చువేశాడు. వాటిలో ఒకటి మన విషయానికి నేరుగా తగులుతుంది. కొన్ని ఖనిజాల్లో పరమాణువులు రెండు గుంపులుగా, ఎదురెదురు దిక్కుల్లో ఉంటాయి. బయటికి కనిపించేది వాటి తేడా మాత్రమే. ఎక్కువ వేడిలో మొదటి గుంపుది పైచేయి అయితే అది భూమి దిక్కును పట్టుకుంటుంది. చల్లారేకొద్దీ రెండో గుంపు అయస్కాంతత్వం ఇంకా వేగంగా పెరిగిందా, ఒక ఉష్ణోగ్రత దగ్గర రెండూ సమానమై మొత్తం సున్నా అవుతుంది. ఆ కిందికి దిగితే రాయి తలకిందులవుతుంది. బయట భూమి కదలకుండానే!

అదే ఏడాది టోక్యోలో నగాటా బృందానికి హరునా అగ్నిపర్వతపు డాసైట్ రాయి దొరికింది. ఉయెదా అనే విద్యార్థి దాన్ని వేడిచేసి భూమి క్షేత్రంలోనే చల్లార్చాడు. అది క్షేత్రానికి సరిగ్గా ఎదురు దిక్కులో అయస్కాంతమైంది. ఎన్నిసార్లు చేసినా అంతే. ప్రయోగశాల బల్ల మీద, కళ్లముందు, రాయి తనంతట తాను తిరగబడింది. నేల్ ఊహ నిజమైంది. బ్రూన్, మతుయామల మాట మళ్లీ సందేహంలో పడింది.

ఆ సందేహం అవసరమైనదే అని నా నమ్మకం. ఎందుకంటే అది అందరినీ కొత్త ప్రశ్న అడిగేలా చేసింది: ఏ రాళ్లు అలా చేస్తాయి, ఎన్ని చేస్తాయి? జవాబు నెమ్మదిగా వచ్చింది. హరునా రాయి గుణం ఇల్మనైట్, హెమటైట్ ఒక ప్రత్యేక పాళ్లలో కలిసిన ఖనిజానిది. అలాంటివి అరుదు. తలకిందులుగా కనిపించిన బసాల్ట్‌లను ప్రయోగశాలలో వేడిచేసి చల్లారిస్తే, దాదాపు అన్నీ భూమి దిక్కునే పట్టుకున్నాయి.

అసలైన సాక్ష్యం బ్రూన్ తెచ్చిన రెండు ముక్కల్లోనే మొదటినుంచీ ఉంది. బసాల్ట్ ఖనిజాలు వేరు, బంకమట్టి ఖనిజాలు వేరు, రెండూ పుట్టిన తీరు వేరు. కలిసి జరిగింది ఒక్కటే: ఒకే సెగలో కాలి, ఒకే నాడు చల్లారడం. రాయి సొంత గుణమే కారణమైతే రెండూ ఒకేలా ఎదురుతిరగడం కాకతాళీయం కావాలి. ప్రపంచంలో ఎక్కడెక్కడో లావాలనూ, వాటి కింద కాలిన మట్టినీ ఇలా జతలుగా పరీక్షిస్తే దాదాపు ప్రతి జతా ఏకమాట చెప్పింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే గట్టిగా కనిపించే ఆధారం ఇదే.

ఆ తర్వాత వయసుల లెక్క పని ముగించింది. ఐస్‌లాండ్‌లో యాన్ హాస్పర్స్ ఒకదానిమీదొకటి పేర్చుకున్న లావా పొరల్లో దిక్కులు గుంపులు గుంపులుగా మారడం 1950ల మొదట్లో చూపించాడు. పొటాషియం, ఆర్గాన్‌లతో రాళ్ల వయసు తేల్చే పద్ధతి చేతికందాక అమెరికాలో కాక్స్, డోల్, డాల్రింపుల్, ఆస్ట్రేలియాలో మెక్‌డూగల్, టార్లింగ్ 1963 నుంచి పోటీపడి పట్టికలు కట్టారు. ఖండాలు వేరైనా ఒకే వయసు రాళ్లన్నీ ఒకే దిక్కు చూపాయి. చివరి తిరగబాటు సుమారు 7.8 లక్షల ఏళ్ల కిందటిది. అప్పటినుంచి నేటివరకు సాగుతున్న కాలానికి బ్రూన్ పేరు, దాని ముందున్న తలకిందుల కాలానికి మతుయామ పేరు పెట్టారు. ఇంకా వెనక ఉన్న ఒక కాలానికి గిల్బర్ట్ పేరు దక్కింది.

హిందూ మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ గట్టు మీద 1962లో ఓవెన్ నౌక కొలిచిన అంకెలు తీసుకుని, ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ 1963లో సముద్రపు అడుగు కూడా ఇదే కథ చెబుతోందన్నారు. గట్టు నడుమ పైకి వచ్చే లావా క్యూరీ హద్దు దిగి చల్లారుతూ అప్పటి దిక్కును పట్టుకుంటుంది, ఇరువైపులా జరిగిపోతుంది. భూమి తిరగబడినప్పుడల్లా సముద్రపు అడుగున ఎదురు దిక్కు చార ఒకటి మొదలవుతుంది. ఇదే ఆలోచన కెనడాలో లారెన్స్ మోర్లీకి కూడా అదే ఏడాది వచ్చింది. అతను రాసిన వ్యాసాన్ని రెండు పత్రికలు తిప్పి పంపాయి. ఖండాలు కదులుతాయని లోకం ఒప్పుకున్నది చాలావరకు ఈ చారల వల్లే.

మన దక్కను లావాలకు ఈ కథలో పెద్ద చోటు ఉంది. 1956లో క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ వాటిని పరీక్షించి, ఆ రాళ్లు చల్లారేనాటికి భారతదేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉందని చూపించారు. లెక్క సులువైనదే: ముల్లు వంపు అక్షాంశాన్నిబట్టి మారుతుంది. హైదరాబాద్ అక్షాంశంలో ఏర్పడే రాయి సగటున 32 డిగ్రీల దగ్గర వంగి ఉండాలి. దక్కను రాళ్లలో వంపు 40కి పైనే, అదీ దక్షిణార్ధ గోళపు తీరులో. అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఈ నేల దాదాపు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉండేది.

ఇప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల ఈ పని ఎలా చేస్తారంటే, రాయిలోంచి అంగుళం మందం కడ్డీని దిక్కు గుర్తుపెట్టి తొలుస్తారు. బయటి అయస్కాంత క్షేత్రం చొరని కొలిమిలో 100, 200 డిగ్రీలంటూ మెట్లు మెట్లుగా వేడిచేస్తూ, ప్రతి మెట్టు తర్వాత చల్లార్చి కొలుస్తారు. తర్వాతి కాలంలో అంటుకున్న బలహీనపు గుర్తులు తక్కువ వేడికే చెరిగిపోతాయి. పుట్టినప్పటి గుర్తు 500 దాటినా నిలుస్తుంది, 580 దగ్గర పోతుంది. రాసింది వేడే, చదివించేదీ వేడే.

గోదావరికి ఇరువైపులా, రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి, గౌరీపట్నం ప్రాంతాల్లో ఇలాంటి లావా పొరలున్నాయి. పడమటి కనుమల నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడిదాకా వచ్చాయని ఎక్కువమంది భూగర్భ శాస్త్రవేత్తలు నమ్ముతారు. రసాయన కూర్పు అక్కడి అంబెనలి, మహాబలేశ్వరం పొరలతో కలుస్తుంది. కింది పొర తలకిందుల దిక్కులో ఉంది, పై పొర నేటి తీరులో ఉంది. మధ్యలో సముద్ర జీవుల శిలాజాలున్న పలుచని అవక్షేపం. ఆ రెండు పొరల నడుమ ఎక్కడో భూమి అయస్కాంతం తిరగబడింది.

ఆ రాయి మంచి కంకర కాబట్టి క్వారీలు నడుస్తున్నాయి, నడవాలి కూడా. కానీ రెండు పొరలూ, నడిమి అవక్షేపమూ కలిసి కనిపించే గోడ ఒక్కటైనా కొట్టకుండా వదిలేసి, పక్కన ఒక బోర్డు పెట్టించమని గోదావరి జిల్లాల అధికారులనూ, క్వారీ యజమానులనూ, అక్కడి కాలేజీల భూగర్భశాస్త్ర అధ్యాపకులనూ కోరుతున్నాను. పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, కింది పొర మీద ఒక చెయ్యి, పై పొర మీద ఒక చెయ్యి పెట్టించి ఈ కథ చెప్పండి.